దీవి తమ్ముడి వంతు

పోయిన నెలలో మా చిన్నకోడలి తమ్ముడు మిలిటరీ నుంచి విడుదలై వచ్చి, నెల్లూరులో సర్కారు కాలేజీలో డిగ్రీకి చేరతానంటే, తోడుగా నేనూ బయలుదేరాను. తోడు అన్నానుగానీ, పదిహేడేళ్లు మంచుకొండల్లో తుపాకి పట్టుకుని నిలబడ్డవాడికి మా వీధి చివర ఆటో ఎక్కి కాలేజీ దగ్గర దిగడం చేతకాక కాదు. నాకే వెళ్లాలని ఉంది. మాజీ సైనికులకు కాలేజీలో ఫీజు లేకుండా చదువు చెప్పే ఏర్పాటు గురించి ఈ జిల్లాలో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని ఇంట్లో చాలా ఏళ్లుగా చెప్పుకుంటూ వస్తున్నాను గనుక, నాలుగు బల్లలు దాటి, అవసరమైతే గొంతు పెంచి, పని సాధించుకు వద్దామని ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్లాను. తీరా చూస్తే కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి, మా మనవరాలి ఈడు ఉంటుంది, అతని డిశ్చార్జి బుక్కును ఫోటో తీసుకుని, తెరమీద మాజీ సైనికుడు అని ఉన్నచోట ఒక టిక్కు కొట్టి, ఫీజు గడిలో సున్నా చూపించి, అయిపోయిందండీ, మెసేజ్ వస్తుంది అంది. నేను తెప్పించుకున్న టీ ఇంకా చల్లారలేదు. ఊరుకోబుద్ధి కాక, ఇదే కాలేజీలో ఇదే పద్ధతిలో నేనూ చదివానమ్మా అంటూ ప్యాంటు కొంచెం పైకి లాగి పిక్కమీది మచ్చ చూపించబోయేసరికి, ఆ అమ్మాయి నా వెనకున్నవాళ్లను పిలిచింది.

ఆ మచ్చ సంగతి మీకైనా చెప్పాలి. సరిహద్దులో, శత్రువు ఎదురుగా ఉన్న కొండమీద, తెల్లవారుజామున మంచులో పాకుతూ పోతుండగా ఒక తూటా నా పిక్కను చీల్చుకుంటూ పోయింది. పెళ్లిళ్లలో, రైళ్లలో, మంగలి షాపుల్లో ముప్పయ్యేళ్లపాటు నేను చెప్పిన కథ ఇది. నా ఈడువాళ్లు, పటాలంలో పనిచేసి వచ్చినవాళ్లు ఇది చదువుతారు గనుక, వాళ్ల ముందు ఈ కథ నిలవదు గనుక, ఉన్నమాట చెప్పేస్తున్నాను. నేను పనిచేసింది సరఫరా విభాగంలో. బియ్యం, పప్పు, డాల్డా, జాము డబ్బాలు లారీకి ఎక్కించడం, దించడం నా ఉద్యోగం. ఒకరోజు లారీమీద నుంచి దిగబోయి జారితే, మూత కోసిన డాల్డా డబ్బా అంచు పిక్కలో దిగింది. కొండ ఉన్నమాట నిజం, మంచు ఉన్నమాటా నిజమే. శత్రువు మాత్రం అక్కడికి చాలా దూరంలో ఉన్నాడు.

పదిహేనేళ్ల సర్వీసు ముగించి, సిపాయిల నల్లపెట్టె భుజాన వేసుకుని ఇంటికి వచ్చేసరికి మా వరిపొలాలు మా అన్న చేతిలో ఉన్నాయి, ఆయన వాటిని నాకంటే బాగానే చూసుకుంటున్నాడు. నాకు ఇంట్లో చెయ్యడానికి పని లేదు. పొద్దున్నే లేచి బూట్లకు పాలిష్ పెట్టుకుని, ఎక్కడికీ వెళ్లకుండా అరుగుమీద కూర్చునేవాణ్ని. అది చూసి మా వదిన, ఈయనకు ఏదో ఒకటి దొరికేదాకా మన ఇంట్లో పాలిష్ డబ్బాలు మిగలవని మా అన్నతో అంటుంటే విన్నాను. సరిగ్గా ఆ రోజుల్లోనే నెల్లూరు బస్టాండులో ఒక పెద్దాయన పాలిష్ పెట్టిన నా మిలిటరీ బూట్లు చూసి, నువ్వు పటాలం నుంచి వచ్చినావా అబ్బయ్యా, ఇంటరు ప్యాసయినావా, అయితే రేపు మా కాలేజీకి రా అన్నాడు. ఆయన ఆ కాలేజీలో హెడ్డు గుమాస్తా.

ఆయన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది. మాజీ సైనికుడు ఏ వయసులో వచ్చి చేరినా, విడుదలైన రెండేళ్లలోపు చేరితే చాలు, డిగ్రీ పూర్తయ్యేదాకా ఫీజు అడగకూడదని ప్రభుత్వంవారి ఉత్తర్వు ఒకటి ఉండేది. అలాంటి కాగితాలు మామూలుగా ఏ బీరువాలోనో చెదలకు ఆహారమవుతాయి. ఈయన మాత్రం దాన్ని తన బల్లమీది అద్దం కింద పెట్టుకుని, నల్లపెట్టెతో రైలు దిగినవాడు ఎవడు కనిపించినా ఆపి అడిగేవాడు. ఆయనకు పటాలంతో ఏ సంబంధమూ లేదు, ఇంట్లో సిపాయిలూ లేరు. ఇంత శ్రమ మీకెందుకండీ అని నేనొకసారి అడిగితే, రాసినవాళ్లు రాసేసి పోయినారు, అది మనిషికి అందాలి గదా అబ్బయ్యా అన్నాడు, అంతే.

నా డిశ్చార్జి బుక్కు తెరిచి, నడవడి అన్నచోట ఏం రాశారో చూసి ఆయన కొంచెం నవ్వాడు. అక్కడ ‘గుడ్’ అని ఉంది. పటాలం సంగతి తెలియనివాళ్లకు అది మంచి మాటే. తెలిసినవాళ్లకు తెలుసు, దానికి పైన ‘వెరీ గుడ్’ ఉంటుందని, దానికీ పైన ‘ఎగ్జంప్లరీ’ ఉంటుందని. ‘గుడ్’ అంటే, చేసినవన్నీ క్షమించి ఇంటికి పంపించాం అని అర్థం. గుమాస్తాగారు బుక్కు మూసి ముద్ర వేశారు. ముప్పయ్యయిదేళ్ల వయసులో నేను బి.ఏ. మొదటి సంవత్సరం విద్యార్థినయ్యాను.

ఆ కాగితం పట్టుకుని వరండాలోకి వచ్చానో లేదో, ఒక మనిషి నాకు ఎదురయ్యాడు. పొట్టిగా, నల్లగా, పంచెమీద మిలిటరీ పచ్చ స్వెట్టరు వేసుకుని ఉన్నాడు, నెల్లూరు ఎండలో. ఆఫీసుకు తగిన బట్ట తన దగ్గర అదొక్కటే ఉందట. చేతిలో పాలిథిన్ సంచి, దానికి వలదారం ముడి, లోపల డిశ్చార్జి బుక్కు. పులికాట్ సరస్సులో ఒక దీవి వాళ్లది. చేపలు పట్టే కుటుంబం. పటాలంలో నదులమీద వంతెనలు వేసే దళంలో పడవలు నడిపేవాడట. నాకంటే రెండేళ్లు చిన్న. పేరు చెప్పాడు, కానీ ఆ రోజు నుంచీ నాకతను దీవి తమ్ముడే.

“జీతం లేకుండా చదువు చెప్తారంట గదన్నా, మన బోటోళ్లకి. నిజమేనా?”

కాలేజీ ఫీజును మేం అప్పట్లో జీతం అనేవాళ్లం. ఆ మనిషి అడిగిందానికి, నిజమే తమ్ముడూ, లోపలికి పో అంటే సరిపోయేది. ఆ నాలుగు మాటలు చెప్పకుండా నా నాలుక మడతపడింది. ఎదురుగా నా కథ వినడానికి ఒక కొత్త మనిషి, చేతిలో తడి ఆరని ముద్ర. ప్యాంటు పైకి లాగాను.

“ఇస్తారు తమ్ముడూ. ఈ ఏడు నాకు ఇచ్చినారు. నా ఒక్కడికే. ఈ కాలు చూసి ప్రిన్సిపాలు గారు కుర్చీలోంచి లేచి నిలబడినాడు.”

ప్రిన్సిపాలుగారు ఆ రోజు సెలవు. దీవి తమ్ముడు వంగి మచ్చను భక్తిగా చూశాడు. ఒక్క క్షణం ఆఫీసు తలుపువైపు చూశాడు. తర్వాత సంచి చంకలో పెట్టుకుని నాకు నమస్కారం పెట్టాడు.

“సరేన్నా. ఈ తూరి నీ వంతు. వచ్చే ఏడు నాది.”

అలా అని మెట్లు దిగి వెళ్లిపోయాడు. టీకి పోతున్నాడనుకున్నాను. మా వరిపొలాల ఊళ్ల మనిషయితే, ఒక్కడికే ఇచ్చినారంట అని వినగానే లోపలికి పోయి, ఆ ఒక్కడూ నేనెందుకు కాకూడదని గుమాస్తాతో పోట్లాడి, అక్కడ నిజం తెలుసుకుని, బయటికొచ్చి నన్ను నాలుగు తిట్టేవాడు. అబద్ధం నష్టం చెయ్యకుండా తేలిపోయేది. ఈ సరస్సు మనుషుల సంగతి నాకు అప్పటికి తెలియదు. వాళ్ల సరస్సులో రొయ్యలు బాగా పడే చోట్లు కొన్నే ఉంటాయి. అక్కడ గుంజలు పాతి వల కట్టే హక్కు ఇంటింటికీ వంతులవారీగా వస్తుంది. ఒక ఇంటి వంతు నాడు ఇంకొక ఇంటివాడు ఆ చోటువైపు తెడ్డు కూడా వెయ్యడు. ఎంత ఆకలిమీద ఉన్నా సరే, గట్టున కూర్చుని తన రోజు కోసం చూస్తాడు. అలా పెరిగిన మనిషికి, ఈ ఏడు ఒక్కడికే అని చెబితే, ఇంకేం అర్థమవుతుంది?

నేను మాత్రం రెండు వారాలపాటు వైభవంగా బతికాను. పదిహేడేళ్ల పిల్లలు నన్ను మధ్య బెంచీలో కూర్చోబెట్టుకుని తూటా కథ మళ్లీమళ్లీ చెప్పించుకునేవాళ్లు. చెప్పిన ప్రతిసారీ శత్రువు కొంచెం దగ్గరికి వచ్చేవాడు. ఒకరోజు గుమాస్తాగారు నన్ను పిలిచి ఒక ఉత్తరం చూపించారు.

“ఈ దీవి అబ్బాయి ఇంకా రాలేదే. ఉత్తరం రాస్తే ఫారం కూడా పంపించినా. ఎల్లుండితో గడువు అయిపోతుండాది. వచ్చే ఏటికి ఇతనికి రెండేళ్లు దాటిపోతాయి, ఇంక ఎవురూ ఏం చెయ్యలేరు.”

ఉత్తరం చదివాను. గుండ్రటి అక్షరాలు, కొట్టివేతలు లేవు. వాళ్ల దీవిలో బడి ఉంది, దానికి పంతులు లేడు. ఏ పంతులును వేసినా పడవ ప్రయాణానికి భయపడి నెలలోపు బదిలీ చేయించుకుని పోతున్నాడు. తను డిగ్రీ చదివి, ఆ తర్వాత పంతులు ట్రైనింగు అయితే, పడవకు భయపడనివాడు గనుక, తన ఊరి బడికి తననే అడుగుతానని రాశాడు. ఆ ఉత్తరం రెండోసారి చదివాను. ఈ తూరి నీ వంతు అన్న మాట అప్పుడు అర్థమైంది. గుమాస్తాగారికి ఆ సంగతి చెప్పే ధైర్యం లేకపోయింది. నేను తీసుకొస్తానండీ అని మాత్రం అన్నాను. పటాలంవాళ్లంటే ఇట్టా ఉండాలబ్బయ్యా అని ఆయన నా భుజం తట్టడం ఇంకా బాధ పెట్టింది.

మరునాడు బయలుదేరి సూళ్లూరుపేటలో మా పెద్దమ్మ కూతురింట్లో పడుకుని, గడువు చివరిరోజు పొద్దున్నే రేవుకు చేరాను. హోరున గాలి, తాటిచెట్టంత అలలు, పడవవాడు రానంటే రానన్నాడు, నేనే తెడ్డు అందుకున్నాను. మా పిల్లలకు ఇలాగే చెప్పాను. నిజానికి ఆ పొద్దు ఆకు కూడా కదల్లేదు. పులికాట్ మీరు చూసే ఉంటారు, చాలాచోట్ల పడవ దిగి నడవవచ్చు. పడవవాడు బీడీ తాగుతూ నన్ను తీసుకుపోయి దించాడు. చెప్పులు కూడా తడవలేదు.

దీవి తమ్ముడు గట్టుకు దగ్గర్లో నీళ్లలో నిలబడి గుంజలకు వల కడుతున్నాడు. అతని భార్య గట్టుమీద నుంచి తాడు అందిస్తోంది. నన్ను చూసి ఇద్దరూ పండగ వచ్చినంత సంతోషపడ్డారు. దారిపొడవునా నిజం చెప్పాలనే అనుకుంటూ వచ్చానుగానీ, వాళ్ల ముఖాలు చూసేసరికి నోటికి ఇంకో అబద్ధం వచ్చింది, అదీ మొదటిదానికంటే గొప్పది. ప్రిన్సిపాలు గారితో మాట్లాడాను, నా వంతు నీకు ఇచ్చేస్తున్నాను, ఈ రోజే పోయి చేరు తమ్ముడూ అన్నాను. నా త్యాగానికి నా కళ్లే చెమర్చాయి. అతను మాత్రం తల అడ్డంగా ఊపాడు.

“ఒకరి వంతు ఇంకొకరు తీసుకోకూడదన్నా. మనిషి మంచాన పడితేనో, పోతేనో తప్ప. నువ్వు బాగానే ఉండావు గదా.”

ఎంత చెప్పినా వినలేదు. నేను ఎంత బతిమాలితే అంత గట్టిగా, నీ వంతు నీదే అన్నాడు. పొద్దు పైకి వస్తోంది. ఈ మనిషి చదువుకు, నా గొప్పకు మధ్య ఇంక దాక్కోవడానికి చోటు లేదు. అలాగే నీళ్లలోకి దిగి అతని దగ్గరికి వెళ్లాను.

“వంతే లేదు తమ్ముడూ. అడిగినోళ్లందరికీ ఇస్తారు. నా ఒక్కడికే ఇచ్చినారని గొప్పకు చెప్పినా.”

అతను కడుతున్న ముడి వదిలేసి నావైపు తిరిగాడు. కొడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది. అతను మాత్రం అడిగాడు.

“అట్టయితే ఆ తూటా?”

“డాల్డా డబ్బా.”

ముందు నవ్వింది అతని భార్య. పదిహేనేళ్లు పటాలంలో ఉండి డబ్బాతో యుద్ధం చేసి వచ్చినాడా ఈ బావ అని గట్టుమీద చతికిలబడి నవ్వింది. అతనూ నవ్వాడుగానీ, ముందే చెప్పుంటే ఈ రెండు వారాల పాఠాలు పోయేవి కావు గదన్నా అన్నాడు. అన్నేళ్ల పరిచయంలో అతను నన్ను అన్న ఒకే ఒక నిష్ఠూరం అది.

నవ్వు ఆగాక అసలు చిక్కు బయటపడింది. ఆ రోజు వాళ్ల ఇంటి వంతు. నెలన్నర తర్వాత వచ్చింది. పొద్దుగూకేదాకా ఆ ఇంటి మగమనిషి వల దగ్గర ఉంటేనే వంతు నిలుస్తుంది, లేకపోతే పక్కింటికి పోతుంది. తండ్రి లేడు, అన్నదమ్ములు లేరు. అతను గుంజమీద చెయ్యి తియ్యకుండా నిలబడ్డాడు. మరుసటి నెలన్నర ఇంట్లో పొయ్యి వెలగడం ఆ గుంజమీద ఆధారపడి ఉంది, ఇటువైపు చూస్తే సాయంత్రానికి ముగిసిపోయే గడువు. అప్పుడు అతని భార్య, బావ ఉండాడు గదా అంది.

ఊరి పెద్ద పడవమీద వచ్చి నన్ను ఎగాదిగా చూశాడు. పోలికే లేదే, ఎట్టా అన్న అయినాడని అడిగాడు. పటాలంలో అన్న మామా, ఒకే తిండి తిన్నారు అని ఆమె జవాబిచ్చింది. ఆ తిండి పంపించింది నేనే గనుక అందులో అబద్ధం లేదు. ఆయన తెడ్డు అందుకుని, అన్నంటే అన్నే, గుంజ మాత్రం వదలొద్దు అని చెప్పి పోయాడు. దీవి తమ్ముడు స్వెట్టరు తగిలించుకుని, సంచి నెత్తిన పెట్టుకుని నేనొచ్చిన పడవ ఎక్కాడు.

నేను నడుములోతు నీళ్లలో గుంజ పట్టుకుని పొద్దుగూకేదాకా నిలబడ్డాను. పదిహేనేళ్ల సర్వీసులో నేను కాపలా కాసింది లేదు, ఎవరి కోసమూ ఒకచోట నిలబడింది లేదు. ఆ రోజు కాళ్లమీద చిన్నచిన్న చేపలు పొడుస్తుంటే, ఎండ నెత్తిన దిగుతుంటే, ఎక్కడో బస్సులో కూర్చున్న మనిషి గడువులోపు చేరాడో లేదోనని రేవువైపే చూస్తుంటే, సిపాయి పని అంటే ఏమిటో కొంచెం తెలిసింది. దీపాలు పెట్టేవేళకు పడవ కనిపించింది. దూరం నుంచే సంచి పైకెత్తి చూపించాడు. అందులో ముద్ర వేసిన కాగితం ఉంది.

అతని బుక్కు తెరిచినప్పుడు గుమాస్తాగారు కుర్చీలోంచి లేచారట. ఆయనే తర్వాత నాకు చెప్పారు. నడవడి అన్నచోట ‘ఎగ్జంప్లరీ’ అని ఉంది, దాని కింద ఏదో నదిని దాటించడంలో చూపిన ధైర్యం గురించి అధికారి సొంత చేతిరాతతో రెండు వాక్యాలు ఉన్నాయి. ఏమిటి తమ్ముడూ అది అని నేను ఎన్నిసార్లు అడిగినా, ఏముందన్నా, నీళ్లంటే మనకు అలవాటే గదా అనేవాడు. నా కథలో ప్రిన్సిపాలు ఉత్తుత్తిగా లేచి నిలబడ్డాడు, అతని కోసం మాత్రం గుమాస్తాగారు నిజంగానే లేచారు.

మూడేళ్లు ఒకే బెంచీలో కూర్చున్నాం. పిల్లల ముందు నేను తూటా కథ ఎత్తుకున్నప్పుడల్లా అతను కిటికీలోంచి బయటికి చూస్తూ తన పిక్క గోక్కునేవాడు. అంతకుమించి ఒక్కమాట బయటపెట్టలేదు. నేను ఆ డిగ్రీతో సహకార సంఘంలో ఉద్యోగం సంపాదించుకున్నాను. అతను ట్రైనింగు అయి, తన దీవి బడికే పంతులుగా వెళ్లి, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు. శ్రీహరికోటలో రాకెట్టు లేచే రోజున పిల్లలందర్నీ నీటి అంచుకు తీసుకుపోయి చూపించి, పొగ ఆరకముందే లోపలికి తోలుకొచ్చి లెక్కలు చేయించేవాడట. ఆ బడిలో చదివినవాళ్లలో ముగ్గురు నలుగురు పంతుళ్లయ్యారు, ఒకమ్మాయి నర్సు అయింది. ఆ గుంజ పట్టుకున్నందుకు ఊరు నన్ను ఆ ఇంటి మనిషిగానే లెక్కవేసుకుంది. వాళ్ల వంతు వచ్చిన ప్రతిసారీ తాటాకు బుట్టలో రొయ్యలు బస్సుమీద నాకు వచ్చేవి.

అతను పోయి మూడేళ్లయింది. ఇప్పుడు సరస్సులోకి సముద్రం నీళ్లు వచ్చే దారి ఇసుకతో పూడిపోతోంది, రొయ్యలు తగ్గాయి, వంతుల కోసం కూర్చునే కుర్రవాళ్లూ తగ్గారు. కొందరు కంపెనీ బస్సులెక్కి పోతున్నారు, కొందరు కృష్ణపట్నం రేవులో పనికి చేరారు. కాలేజీలో మాత్రం పని తేలికయింది, దానికి నాకు సంతోషమే. ఒక టిక్కుతో సరిపోయే పనికి ఎవరి గొప్పలూ అడ్డుపడవు. నా మాట నమ్మి గడువు పోగొట్టుకునే అమాయకుడు ఇప్పుడు ఉండడు. కాకపోతే, అద్దం కింద కాగితం పెట్టుకుని మనుషుల కోసం బస్టాండుకు పోయే గుమాస్తా కూడా అక్కర్లేదు. మా కోడలి తమ్ముడు ఆ వరండాలో ఎవరినీ కలవలేదు. మెసేజ్ చూసుకుని ఆటో ఎక్కాడు.

ఇంత రాశాక ఒక మాట దిద్దుకోవాలి. నడుములోతు నీళ్లలో పొద్దుగూకేదాకా నిలబడ్డానని పైన రాశాను. అవి మోకాళ్ల లోతే. మధ్యాహ్నానికి కాళ్లు పట్టేసి, గట్టెక్కి, మరదలు పెట్టిన చేపల పులుసు అన్నం తిని, తాటాకు పందిరి నీడలో నిద్రపోయాను. ఆ రెండు గంటలూ గుంజ పట్టుకుని నీళ్లలో నిలబడింది ఆమె. ఊరి పెద్ద అటుగా వచ్చి, ఆమెను చూసి, పడవ ఇంకోవైపు తిప్పుకుని పోయాడట. ఆ సంగతి తమ్ముడికి ఆమె చెప్పలేదు, నేనూ చెప్పలేదు. అన్న తన కోసం రోజంతా నిలబడ్డాడని అతను చివరిదాకా అందరికీ చెప్పుకున్నాడు.

పోయిన వారం మరదలు ఫోను చేసింది. ఇప్పటికీ చేస్తుంది. బావా, రేపు మన వంతు అంటుంది, బుట్ట నిండినా నిండకపోయినా. ఆ రోజు సంగతి వాడికి ఒక్కసారైనా చెప్పి ఉండాల్సింది అమ్మాయీ అన్నాను.

“ఇప్పుడెవురికి చెప్తావులే బావా” అంది.